ఆటోమేటిక్ కారులో ఓవర్‌డ్రైవ్ – ఎప్పుడు ఉంచాలి? ఎప్పుడు తీయాలి?

సిడ్నీకి దక్షిణంగా హెలెన్స్‌బర్గ్‌లో శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి 1985లో కుంభాభిషేకం జరిగింది. ఆనాటి నుండి ఈ నగరంలోని తెలుగు కుటుంబాలకు ఒక ఆనవాయితీ ఏర్పడింది. ఉదయం దర్శనం, మధ్యాహ్నం క్యాంటీనులో దోసెలు, ఆపైన పిల్లల కోరిక మేరకు సముద్రతీరం. ఆలయానికి కొద్ది దూరంలోనే బాల్డ్ హిల్ అనే కొండకొమ్ము ఉన్నది. దాని అంచున నిలబడి చూస్తే స్టాన్‌వెల్ పార్క్ తీరం పాదాల కింద పరచినట్లు కనబడుతుంది. లారెన్స్ హార్‌గ్రేవ్ అనే పరిశోధకుడు 1894 నవంబరులో నాలుగు పెట్టె గాలిపటాలను వరుసగా కట్టి, వాటి సాయంతో నేల నుండి సుమారు 16 అడుగుల ఎత్తుకు లేచినది ఆ తీరంలోనే. కొండ మీది నుండి అక్కడికి దిగే రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. మెలికలు తిరుగుతూ సాగే ఆ రోడ్డు కొద్ది దూరంలోనే మనలను బాగా దిగువకు చేరుస్తుంది.

1996 జనవరిలో మా అమ్మానాన్నలు తొలిసారి ఆస్ట్రేలియా వచ్చినప్పుడు నేను కూడా ఆ ఆనవాయితీనే పాటించాను. మా కారు అప్పటికే పదేళ్ళది. గేరు లివరును ‘డి’ అన్న అక్షరం దగ్గర పెట్టి, ఇక ఆ సంగతి మరచిపోవడమే ఆటోమేటిక్ కారు నడపడమని అప్పటి నా అవగాహన. కొండ దిగడం మొదలుపెట్టినది మొదలు బ్రేకు పెడలు మీది నుండి కాలు తీయలేదు. సగం దారిలో ఏదో కాలుతున్న వాసన వచ్చింది. “ఎవరో చెత్త తగులబెడుతున్నట్లున్నారు” అన్నది అమ్మ. మరి రెండు మలుపులు తిరిగేసరికి పెడలు మెత్తబడింది; రోజూ ఆగే చోటు దాటి రెండంగుళాలు లోపలికి పోయింది. ఎలాగో కారును తీరం పక్కనున్న ఖాళీ స్థలంలోకి తెచ్చి ఆపాను. ముందు చక్రాల నుండి సన్నగా పొగ వస్తున్నది. నా చేతులు వణుకుతున్నాయి.

నాన్నగారు చిత్తూరు జిల్లాలో ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకున్నవారు. తిరుమల కొండ బస్సులో ఎన్నిసార్లు ఎక్కి దిగారో ఆయనకే లెక్క తెలియదు. చక్రాల వంక కాసేపు చూసి, “ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడూ అదే గేరు అంటారు గదరా మన బస్సు డ్రైవర్లు. నీ బండికి గేర్లు లేవా?” అని అడిగారు.

ఉన్నాయి. నాలుగు ఉన్నాయి. ఆ నాలుగో గేరు పేరే ఓవర్‌డ్రైవ్. దానిని తొలగించే బొత్తం అంతసేపూ నా బొటనవేలి దగ్గరే ఉన్నది. అది ఎందుకున్నదో నాకు తెలియదు. తెలుసుకున్న తరువాత పది మందికీ చెప్పాలనిపించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ముందుగా పేరును గురించి. ‘ఓవర్’ అన్నందువల్ల ఇది కారుకు అదనపు బలాన్నిచ్చే ఏర్పాటని చాలామంది భ్రమపడతారు. కొండ ఎక్కేటప్పుడు దీనిని ఉద్దేశపూర్వకంగా వేసుకునే మిత్రులను నేనెరుగుదును. వాస్తవం ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. నాలుగు గేర్లలోనూ అతి తక్కువ లాగుడు గలది ఇదే. ఇంజను తిరిగే వేగాన్ని మించి గేరుపెట్టె నుండి వెలువడే దండం తిరుగుతుంది కనుక ఆ పేరు వచ్చింది.

మన ఊళ్ళలో త్రొక్కిన సైకిలును గుర్తు చేసుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. పెడలు దగ్గరి పళ్ళచక్రం పెద్దది, వెనుక చక్రానికున్నది చిన్నది. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం రెండు చుట్లకు పైగా తిరుగుతుంది. చదునైన దారిలో హాయిగా సాగిపోతాము. ఎదురుగాలి వీచినా, వంతెన ఎక్కవలసి వచ్చినా సీటు మీది నుండి లేచి నిలబడి త్రొక్కవలసిందే. వేగం కావాలంటే బలాన్ని వదులుకోవాలి. బలం కావాలంటే వేగాన్ని వదులుకోవాలి. ఈ బేరంలో రెండూ దక్కవు.

కారులో సంగతీ అంతే. 1988లో వచ్చిన హోల్డెన్ కమడోర్ వి.ఎన్. నమూనాలోని నాలుగు గేర్ల ఆటోమేటిక్ పెట్టెను ఉదాహరణగా తీసుకుందాము. దాని నిష్పత్తులు వరుసగా 3.06, 1.63, 1.00, 0.70. అనగా మొదటి గేరులో వెలుపలి దండం ఒక చుట్టు తిరగడానికి ఇంజను వైపు మూడు చుట్లకు పైగా తిరగాలి. బలం మూడింతలకు పైగా పెరుగుతుంది. మూడవ గేరులో రెండూ సమానం. నాలుగవ గేరులో 0.7 చుట్టుకే వెలుపలి దండం పూర్తి చుట్టు తిరుగుతుంది. బలం ఆ మేరకు తగ్గుతుంది. మనం స్వదేశంలో ఎరిగిన అంబాసిడరు కారులోనూ నాలుగు గేర్లుండేవి గాని, అందులోని నాలుగవ గేరు ఈ లెక్కలో మూడవదానికి సమానం, ఒకటికి ఒకటి. ఓవర్‌డ్రైవ్ అన్నది దానికి పైమెట్టు.

ఈ నిష్పత్తులు ఎలా పుడతాయో చూస్తే ముచ్చట వేస్తుంది. ఆటోమేటిక్ పెట్టెలో మధ్యన ఒక పళ్ళచక్రం ఉంటుంది. దాని పేరు సూర్యచక్రం. దాని చుట్టూ తిరిగేవి గ్రహచక్రాలు. ఆ గ్రహాలనన్నిటినీ మోసే చట్రం ఒకటి. అన్నిటినీ చుట్టుకొని, లోపలివైపు పళ్ళున్న వలయచక్రం మరొకటి. సూర్యచక్రానికి 30 పళ్ళు, ఒక్కొక్క గ్రహచక్రానికి 20, వలయానికి 70 ఉన్నాయనుకుందాము. సూర్యచక్రాన్ని కదలకుండా బిగించి, గ్రహాల చట్రాన్ని ఇంజను చేత ఒక చుట్టు త్రిప్పిస్తే వలయం ఒక చుట్టు, దానిపైన మరొక 30/70 చుట్టు, వెరసి 1.43 చుట్లు తిరుగుతుంది. ఒకటిని 1.43 చేత భాగించి చూడండి: 0.70 వస్తుంది. బిగించే చక్రాన్ని మారిస్తే గేరు మారుతుంది. ఆలయంలో నవగ్రహాలకు ప్రదక్షిణం చేసి వచ్చి కారెక్కే మన కాళ్ళ కిందనే మరొక గ్రహమండలం తిరుగుతూ ఉంటుందన్నమాట.

ఇక ప్రయోజనం సంగతి. చక్రం చుట్టుకొలత 1.9 మీటర్లున్న కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు చక్రాలు నిమిషానికి సుమారు 877 చుట్లు తిరుగుతాయి. గేరుపెట్టెకూ చక్రాలకూ నడుమ ఎల్లప్పుడూ పనిచేసే మరొక తగ్గింపు ఉంటుంది. అది 3.7 అనుకుంటే, మూడవ గేరులో ఇంజను నిమిషానికి 3,245 చుట్లు తిరగాలి. ఓవర్‌డ్రైవ్‌లో 2,270 చాలు. సిడ్నీ నుండి మెల్‌బోర్న్ దాకా హ్యూమ్ రహదారి మీద సుమారు 880 కిలోమీటర్లు. దారి పొడుగునా అదే వేగంతో పోయినట్లు లెక్క వేస్తే ఇంజను మొత్తం మీద ఐదు లక్షల చుట్లు తక్కువగా తిరుగుతుంది. చుట్టుకు చుట్టుకూ జరిగే ఒరిపిడి తప్పుతుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. వేగంగా తిరిగే పెట్రోలు ఇంజను చేత కొద్దిపాటి పని చేయించాలంటే గాలి పోయే తలుపును దాదాపు మూసి ఉంచాలి. ఆ ఇరుకు సందులోనుండి గాలిని పీల్చుకోవడానికే ఇంజను తన శక్తిలో కొంత ఖర్చు చేసుకుంటుంది. అదే పనిని తక్కువ చుట్లలో చేయించినప్పుడు తలుపు మరికొంత తెరుచుకుంటుంది. పీల్చడంలోని శ్రమ తగ్గుతుంది. పెట్రోలు ఆదా అయ్యేది ప్రధానంగా ఇక్కడే. చప్పుడు తగ్గడమన్నది మనకు అదనంగా దక్కేది. వెనుక సీటులో పెద్దవాళ్ళు నిద్రపోగలుగుతారు.

ఇంత లాభమున్నప్పుడు మొదటి నుండీ అన్ని కార్లలోనూ ఎందుకు పెట్టలేదన్న ప్రశ్న సహజం. అమెరికాలో 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లతో హైడ్రామాటిక్ అనే ఆటోమేటిక్ గేరుపెట్టె అంగడికి వచ్చింది. దానిలోనూ నాలుగు గేర్లున్నా చివరిది ఒకటికి ఒకటే. పెట్రోలు చౌకగా ఉన్నన్నాళ్ళూ అంతకు మించిన అవసరం ఎవరికీ కనబడలేదు. 1973లో చమురు సంక్షోభం వచ్చి, కొద్ది నెలలలోనే ముడిచమురు ధర నాలుగింతలు కావడంతో లెక్కలు మారిపోయాయి. ఆ తరువాతి దశాబ్దంలో ఆటోమేటిక్ కార్లకు ఓవర్‌డ్రైవ్ క్రమంగా వ్యాపించింది. ఆస్ట్రేలియాలో 1988లో వచ్చిన ఫోర్డ్ ఫాల్కన్ ఇ.ఎ. కారు మూడు గేర్ల ఆటోమేటిక్‌తో మొదలై, మరుసటి ఏడు నాలుగవ గేరు సంపాదించుకున్నది. ఆ నాలుగు గేర్ల పెట్టెలు తయారైనది ఆల్బరీ పట్టణంలో. మెల్‌బోర్న్ ప్రయాణంలో మనలో చాలామంది ఆగి పులిహోర పొట్లం విప్పే ఊరది.

అసలు ప్రశ్నకు వస్తాను. ఓవర్‌డ్రైవ్‌ను ఎప్పుడు ఉంచాలి? మామూలుగా ఎల్లప్పుడూ ఉంచాలి. ఊరిలోనైనా సరే. నిదానంగా పోతున్నప్పుడు పెట్టె నాలుగవ గేరు జోలికే పోదు కనుక బొత్తాన్ని ముట్టవలసిన పని లేదు. “ఊళ్ళో తీసివేయాలి, హైవే మీద వేయాలి” అని శ్రమపడి పాటించేవారు వృథాగా శ్రమపడుతున్నారు. ముందున్న బండిని దాటాలనుకున్నప్పుడు కూడా యాక్సిలరేటరును బలంగా నొక్కితే పెట్టె తనంత తానే కింది గేరుకు దిగుతుంది.

తీయవలసిన సందర్భాలు మూడు. వాటిలో రెండింటిని త్వరగా చెప్పేస్తాను.

ఒకటి, ఎడతెగని ఎత్తుపల్లాల దారి. నాలుగవ గేరులో కారు ఎత్తు ఎక్కలేక మూడుకు దిగుతుంది. వేగం అందుకోగానే మళ్ళీ నాలుగుకు పోతుంది. మరుక్షణం చాలక మళ్ళీ మూడు. ఈ ఊగిసలాటలో పెట్టెలోని ఒరిపిడి బిళ్ళలు మాటిమాటికీ పట్టుకొని విడుస్తూ అరుగుతాయి, లోపలి నూనె వేడెక్కుతుంది. ఆటోమేటిక్ పెట్టెకు వేడిని మించిన శత్రువు లేదు. ఓవర్‌డ్రైవ్ తీసివేసి మూడులో నిలకడగా పోవడమే మేలు. రెండు, బరువు లాగేటప్పుడు. ఇల్లు మారే రోజున పెట్రోలు బంకులో ట్రైలరును అద్దెకు తెచ్చి, ఫ్రిజ్జూ మంచాలూ ఎక్కించి లాగుకుపోవడం ఇక్కడ మనమందరం చేసే పనే. అప్పుడు కూడా కారణం ఇదే.

మూడవది దిగుడు. ఇది ప్రాణంతో ముడిపడిన విషయం కనుక దీని దగ్గర కొంతసేపు ఆగుతాను.

ఎత్తున ఉన్న వస్తువులో స్థితిశక్తి ఉంటుందనీ, శక్తి నశించదనీ మనమందరం పాఠశాలలో చదువుకున్నాము. అయిదుగురు మనుషులతో కలిపి 1,600 కిలోగ్రాముల బరువున్న కారు 250 మీటర్లు కిందికి దిగితే సుమారు 39 లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడికో పోవాలి. ఎంత శక్తి అది? ఇరవై డిగ్రీల చల్లని నీళ్ళు సుమారు పన్నెండు లీటర్లు మరిగే స్థాయికి రావడానికి సరిపోతుంది. కారు వేగం పెరగకుండా ఉండాలంటే ఈ శక్తి మూడు దారులలో ఖర్చు కావాలి: గాలి నిరోధం, బ్రేకులు, ఇంజను. మలుపుల రోడ్డు మీద వేగం తక్కువ కనుక గాలి చేసే సాయం స్వల్పం. ఇంజనును వాడుకోకపోతే తక్కినదంతా బ్రేకుల నెత్తిన పడుతుంది. నాలుగు చక్రాల బ్రేకులలోని ఇనుము అంతా కలిపి 25 కిలోగ్రాములనుకొని, శక్తి మొత్తం దానికే చేరినదనుకుంటే, ఇనుము వేడి 300 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. నిజానికి కొంత గాలికి పోతుంది. కాని బ్రేకు పనిలో హెచ్చు భాగం ముందు చక్రాలదే కనుక అవి ఇంకా ఎక్కువ వేడెక్కుతాయి.

అంత వేడిలో రెండు అనర్థాలు జరుగుతాయి. బ్రేకు ప్యాడ్ల ఒరిపిడి గుణం తగ్గుతుంది. ఎంత నొక్కినా పట్టు చాలదు. కాలుతున్న వాసన దీనికి తొలి సూచన. రెండవది ఇంకా ప్రమాదకరం. మన కాలి ఒత్తిడిని చక్రాలకు చేరవేసే బ్రేకు ద్రవం గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకునే స్వభావం గలది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదనీ, తేమ చేరిన తరువాత కూడా కనీసం 140 డిగ్రీల దాకా మరగకూడదనీ ప్రమాణం. ఏళ్ళ తరబడి మార్చని ద్రవం ఆ రెండవ అంకె దగ్గరకు చేరుతుంది. ద్రవం మరిగితే గొట్టాలలో ఆవిరి బుడగలు ఏర్పడతాయి. ద్రవాన్ని నొక్కితే కుదించుకుపోదు, ఆవిరి కుదించుకుపోతుంది. పెడలు నేలకంటినా బ్రేకు పడదు. ఆ రోజు నా కాలి కింద పెడలు మెత్తబడడానికి అర్థం ఇదేనని తరువాత మెకానికు చెప్పాడు. కారు కొన్నది మొదలు నేను ఆ ద్రవాన్ని మార్పించలేదు. రెండేళ్ళకొకసారి మార్పించడం మంచిది. అయ్యే ఖర్చు స్వల్పం.

ఇంజను చేసే సాయం ఎటువంటిది? యాక్సిలరేటరు మీది నుండి కాలు తీస్తే గాలి తలుపు మూసుకుంటుంది. చక్రాలు ఇంజనును బలవంతాన త్రిప్పుతాయి. మూసిన తలుపు సందున గాలిని పీల్చడానికి, లోపలి ఒరిపిడిని అధిగమించడానికి పట్టే శక్తి కారు కదలిక నుండి తీసుకోబడుతుంది. ఆ వేడి రేడియేటరు గుండా, పొగగొట్టం గుండా బయటికి పోతుంది, బ్రేకులకు తగలదు. ఇంజను ఎంత ఎక్కువ చుట్లు తిరిగితే పట్టు అంత ఎక్కువ. ఓవర్‌డ్రైవ్‌లో చుట్లు అతి తక్కువ కనుక పట్టు లేనట్లే. బొత్తం నొక్కి మూడవ గేరుకు తెస్తే కొంత పట్టు వస్తుంది. నిలువు దిగుడులో అది కూడా చాలదు. లివరును ‘2’ దగ్గరకు, అవసరమైతే ‘ఎల్’ దగ్గరకు తేవాలి. అయితే దిగుడు మొదలు కాకముందే, వేగం తగ్గించుకొని ఈ పని చేయాలి. తడి రోడ్డు మీద వేగంగా పోతూ ఒక్కసారిగా ‘2’కు లాగితే చక్రాలు జారే ప్రమాదం ఉన్నది.

దిగేటప్పుడు ఇంజను బిగ్గరగా మోగితే పెట్రోలు మండిపోతున్నదని మనవారు కంగారుపడతారు. అది అపోహ. పెట్రోలును ఇంజెక్షన్ పద్ధతిలో అందించే కార్లలో, కాలు తీసినప్పుడు చుట్లు తగినంతగా ఉంటే పెట్రోలు పూర్తిగా ఆగిపోతుంది. పెట్రోలు ఆదా చేయాలని న్యూట్రల్‌లో దిగేవారే నిజానికి ఇంజను ఆగకుండా ఉండడానికి పెట్రోలు ఖర్చు చేస్తూ, ఉన్న పట్టు కూడా పోగొట్టుకుంటున్నారు.

ఇదంతా మన బస్సు డ్రైవర్లకు సూత్రాలతో పని లేకుండానే తెలుసు. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో వేశారు; 1974లో రెండవది వచ్చిన తరువాత మొదటిదానిని దిగడానికి కేటాయించారు. బాల్డ్ హిల్ దిగుడుతో పోలిస్తే అది చాలా ఎక్కువ. ఆ దారిలో బస్సు దిగేటప్పుడు వినబడే ఇంజను రొద మనలో ఎందరికో చిన్ననాటి జ్ఞాపకం. ఆస్ట్రేలియాలో నిలువు దిగుళ్ళ దగ్గర ట్రక్కులూ బస్సులూ తక్కువ గేరులోనే దిగాలన్న ఫలకాలు కనబడతాయి. అది సలహా కాదు. ఆస్ట్రేలియా రోడ్డు నిబంధనలలో 108వది. అడిలైడ్ నగరంలోకి దిగే సౌత్ ఈస్టర్న్ ఫ్రీవే మీద, బ్రేకులు పోయిన బండ్లు చొరబడి ఆగడానికి వదులు రాళ్ళతో రెండు ప్రక్కదారులు కట్టి ఉంచారు. అయినా 2014 ఆగస్టులో ఆ దిగుడు చివర అదుపు తప్పిన ట్రక్కు వల్ల ఇద్దరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఫలకం మీద కార్ల ప్రస్తావన లేదు గాని, భౌతికశాస్త్రం బండి పరిమాణాన్ని చూసి విడిచిపెట్టదు.

దీపం గురించి ఒక మాట. బొత్తం నొక్కగానే ఎదురుగా పలక మీద ‘ఓ.డి. ఆఫ్’ అని పసుపుపచ్చని దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే ఓవర్‌డ్రైవ్ లేదని అర్థం, ఆరిపోతే ఉన్నదని. తెలివైనవారిని కూడా తికమక పెట్టే ఏర్పాటిది. దీపం వెలుగుతూ ఉంటే ఏదో పనిచేస్తున్నదన్న సంతృప్తితో ఏడాది పొడుగునా మూడవ గేరులోనే హైవే మీద తిరిగి, కారు పెట్రోలు త్రాగుతున్నదని వాపోయిన మిత్రుడొకరున్నారు. కొన్ని కార్లలో ఇంజను ఆపి తిరిగి వేసినా బొత్తం పాత స్థితిలోనే ఉంటుంది. కొన్నింటిలో ఓవర్‌డ్రైవ్ దానంతట అదే తిరిగి వస్తుంది. బొత్తం లేని కార్లలో ‘డి’ పక్కన ‘3’ ఉంటే అది చేసే పనీ ఇదే.

చదువుకోవడానికి కొత్తగా వచ్చే మన పిల్లలు కొనే పాత కార్లలో ఈ బొత్తం ఇప్పటికీ కనబడుతుంది. కొత్త కార్లలో అది దాదాపు మాయమైంది. ఆరు, ఎనిమిది గేర్ల పెట్టెలలో పై రెండు గేర్లూ ఓవర్‌డ్రైవ్‌లే. వాటిని ఎప్పుడు వేయాలో కంప్యూటరు చూసుకుంటుంది. అయినా ముందు రాబోయే దిగుడును కళ్ళతో చూసేది మనమే గాని అది కాదు. అందుకే లివరు పక్కన ‘మైనస్’ గుర్తో, ‘ఎల్’ అక్షరమో, టయోటా హైబ్రిడ్ కార్లలో ‘బి’ అక్షరమో ఇంకా మిగిలి ఉన్నది. విద్యుత్తు కార్లు దిగేటప్పుడు మోటారు చేతనే వేగాన్ని అణచి, ఆ శక్తిని బ్యాటరీలో దాచుకుంటాయి. నాటి పన్నెండు లీటర్ల వేడినీళ్ళ శక్తిలో చాలా భాగం వృథా కాదు. కాని కొండ మీదనే ఇల్లున్నవారు రాత్రంతా బ్యాటరీని నూటికి నూరు శాతం నింపుకొని ఉదయాన దిగితే, దాచుకోవడానికి చోటు లేక ఆ పట్టు బాగా తగ్గిపోతుంది. అటువంటివారు కొంత ఖాళీ ఉంచుకోవడం మంచిది.

అమ్మానాన్నలు రెండవసారి వచ్చినప్పుడు కూడా హెలెన్స్‌బర్గ్ వెళ్ళాము, బాల్డ్ హిల్ మీద ఆగాము. బయలుదేరే ముందు లివరును ‘2’ దగ్గరకు తెచ్చాను. మొదటి మలుపు దగ్గర ఇంజను రొద హెచ్చింది. అమ్మ ఏమైందోనని ముందుకు వంగింది. నాన్నగారు మాత్రం సీటులో వెనక్కి వాలి, “ఎన్నో గేరురా?” అని అడిగారు. “రెండు” అన్నాను. తీరం వచ్చేదాకా ఆయన మరి మాట్లాడలేదు. అరచెట్టు దూరం పోకముందే నిద్రపోయారు.